తొమ్మిది నిమిషాలకో గుక్క

పాఠకుల ఉత్తరాలకు హనుమకొండ డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది మెట్‌పల్లి దగ్గర ఒక పల్లె. నాకు 46 ఏళ్లు. ఎత్తు 157 సెంటీమీటర్లు. పెళ్లయిన కొత్తలో బీడీలు చేసేదాన్ని. తర్వాత ఇజ్రాయెల్ పోయి ఏడేళ్లు ముసలివాళ్లను చూసుకునే పని చేసి, 2024లో ఇంటికి వచ్చాను. మా దిక్కు నుంచి ఆ పనికి పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ మమ్మల్ని మెటపెలెట్ అని పిలుస్తారు. నేను చివరి నాలుగేళ్లు చూసుకున్న ముసలమ్మకు 84 ఏళ్లు. ఆమెను నేను సవ్తా అనేదాన్ని. అంటే వాళ్ల భాషలో నానమ్మ, అమ్మమ్మ అన్నట్టు.

వాళ్లు యూదులు. వాళ్లకు యోమ్ కిపూర్ అని పెద్ద ఉపవాసం. ఒక సాయంత్రం మొదలైతే తెల్లారి రాత్రి చుక్కలు పొడిచేదాకా, 25 గంటలు, అన్నం లేదు, నీళ్లు లేవు. రోడ్ల మీద ఒక్క కారు తిరగదు. పిల్లలు నడిరోడ్డు మీద సైకిళ్లు తొక్కుతారు. 2022లో అది సరిగ్గా మన దసరా నాడే వచ్చింది. ఇంటి నుంచి వీడియో కాల్ చేస్తే బాల్కనీలోకి పోయి మాట్లాడాను. ఇక్కడ జమ్మి ఆకు పంచుకుంటున్నారు, మటన్ ఉడుకుతున్నది, డప్పుల చప్పుడు. అక్కడ ఊరంతా చీమ చిటుక్కుమంటే వినబడేటట్టు. ఆ నిశ్శబ్దం నాకు మనసులో ఉండిపోయింది. సవ్తాకు షుగర్, గుండె జబ్బు రెండూ ఉండేవి. అందుకని వాళ్ల మతగురువు, డాక్టరు ఇద్దరూ చెప్పిన ప్రకారం నేను ఆమెకు చిన్న ప్లాస్టిక్ కప్పులో 30 మిల్లీలీటర్ల గీత దాకా నీళ్లో, పాలో పోసి తొమ్మిది నిమిషాలకోసారి ఇచ్చేదాన్ని. మొదటిసారి ఆమె ఏడ్చింది. తాగనన్నది. కొడుకు వచ్చి కూర్చుని నచ్చజెప్తే తాగింది.

ఇంటికొచ్చాక నా బరువు 85 కిలోలు అయింది. యూదులు సోమవారం, గురువారం ఉపవాసం ఉంటారని, అందుకే ఆరోగ్యంగా ఉంటారని ఒక వీడియోలో చూశాను. మూడు నెలల కింద నేనూ మొదలుపెట్టాను. వారానికి రెండు రోజులు, సవ్తా ఇంట్లో చూసినట్టే, నీళ్లు కూడా ముట్టకుండా. సాయంత్రం డాబా మీదికెక్కి మూడు చుక్కలు కనబడ్డాకే దిగి తింటాను. మొదటి ఆరు వారాల్లో నాలుగు కిలోలు తగ్గి 81కి వచ్చాను. తర్వాత ఆరు వారాలు గడిచినా ముల్లు కదలలేదు. నాకు షుగర్ ఉన్నది, మూడు నెలల షుగర్ 7.6. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటాను. బీపీకి ఒకటి. ఉపవాసం నాడు కూడా మాత్రలు మాననని చెప్తున్నా, పొద్దున్నే ఉమ్మి మింగి వేసుకుంటాను.

పోయిన గురువారం అంగట్లో చేతులు వణికి, చెమటలు పట్టి, కళ్లు బైర్లు కమ్మినయి. కూరగాయలామె పట్టుకుని కూర్చోబెట్టి చక్కెర ఎక్కువేసి చాయ్ తాగించింది. పది నిమిషాలకు తేరుకున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెప్తే అత్తమ్మ ఊరుకోదు. "మన శనివారాలు సరిపోవా, ఎక్కడివో పట్టుకొచ్చినవు" అని ఇప్పటికే అంటున్నది. నేను ఆపాలా, ఉండాలా? నీళ్లు తాగితే ఫలితం పోతదా? బరువు ఎందుకు ఆగిపోయింది?

– పేరు వద్దన్న సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: చెల్లెమ్మా, మిగతావన్నీ తర్వాత. ఈ పత్రిక మీ చేతికి అందిన తర్వాత వచ్చే సోమవారం గానీ గురువారం గానీ ఉపవాసం ఉండకండి. ఆ రోజు పొద్దున టిఫిన్ తిని, మీ షుగర్ చూసే డాక్టరు దగ్గరికి పోయి, అంగట్లో జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఇంట్లో కూడా చెప్పండి. ఇంకోసారి అట్లా అయినప్పుడు పక్కన కూరగాయలామె ఉండకపోవచ్చు. ఇంట్లోవాళ్లకు తెలిసి ఉంటే ఏం చెయ్యాలో వాళ్లకు అర్థమవుతుంది.

అంగట్లో మీకు వచ్చింది నీరసం కాదు, షుగర్ పడిపోవడం. రక్తంలో గ్లూకోజు 70 కంటే కిందికి వస్తే శరీరం అట్లాగే మొత్తుకుంటుంది: వణుకు, చెమట, గుండె దడ, కళ్లు తిరగడం. ఇంకా పడిపోతే మాట తడబడుతుంది, మనిషి పడిపోతారు, ఫిట్స్ కూడా రావచ్చు. దీనికి కారణం మీరు "మాననని" గొప్పగా చెప్పిన ఆ మాత్రే. అందులో ఉన్న రెండు మందుల పద్ధతి వేరు వేరు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్‌ను మరీ కిందికి తోయడం అరుదు. గ్లిమిపిరైడ్ అట్లా కాదు. అది క్లోమగ్రంథిని గిల్లి ఇన్సులిన్‌ను బయటికి తెప్పిస్తుంది. మీరు తిన్నారా, పస్తున్నారా అన్నది ఆ మందుకు తెలియదు. అన్నం వస్తుందనుకుని ఇన్సులిన్ వచ్చి కూర్చుంటుంది, అన్నం రాదు. అప్పుడు రక్తంలో ఉన్న కాస్త చక్కెర కూడా ఊడ్చుకుపోతుంది. అందుకే ఆ మందును టిఫినుతోనో, మొదటి భోజనంతోనో వేసుకోమంటాం. అట్లాగని ఈ ఉత్తరం చదివి మీ అంతట మీరు మాత్ర మానేయవద్దు. తింటున్నన్ని రోజులు మాత్ర మామూలుగానే. మందు మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరు తేల్చాలి.

ఆ కూరగాయలామె చేసిన పని మాత్రం పుస్తకంలో రాసినట్టు చేసింది. ఆమెకు నా తరఫున కూడా దండం పెట్టండి. మూడు చెంచాల చక్కెర, అంటే 15 గ్రాములు, నీళ్లల్లో కలిపి తాగాలి. పావుగంట ఆగి షుగర్ చూసుకోవాలి. ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తాగాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి. మీ సంచీలో ఎప్పుడూ ఒక గ్లూకోజు పొట్లం ఉండనివ్వండి.

మా అమ్మ సంగతి చెప్తాను. నేను కాకతీయ మెడికల్ కాలేజీలో చదువు ముగించి హౌస్‌సర్జన్‌గా చేస్తున్న ఏడాది. శివరాత్రి. అమ్మకు షుగర్ వచ్చి అప్పటికి రెండేళ్లు. ఏటా లాగే ఒక్కపొద్దు, జాగారం. పొద్దున్నే మాత్ర వేసుకున్నదని మాకెవరికీ తెలియదు. దేవుడి పని దేవుడిది, మందు పని మందుది అని ఆమె లెక్క. అర్ధరాత్రి దాటాక భజనలో కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగింది. నిద్ర అనుకున్నారు. పక్కింటి పిల్ల చెయ్యి పట్టి చూసి చల్లగా, చెమటగా ఉందని పరుగెత్తుకొచ్చింది కాబట్టి సరిపోయింది. గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచి, "ఒక్కపొద్దు తప్పిపోయిందా?" అని అడిగింది. నేను అంతమంది రోగులను "మాత్రలు ఎప్పుడు వేసుకున్నారు, ఏం తిన్నారు" అని అడిగేదాన్ని. అమ్మను అడగలేదు. ఆ రాత్రి నుంచి ఇప్పటిదాకా శివరాత్రి ముందు, రంజాన్ ముందు, శ్రావణమాసం ముందు నా దగ్గరికి వచ్చే ప్రతి షుగర్ మనిషినీ నేనే ముందుగా అడుగుతున్నాను: ఒక్కపొద్దు ఉంటున్నారా, ఉంటే మాత్ర సంగతి ఏమిటి?

ఇక మీ సవ్తా. చెల్లెమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఆ 30 మిల్లీలీటర్ల కప్పు. మీరు ఆ ఇంట్లో చూసింది ఉపవాసం ఒక్కటే కాదు. ఉపవాసాన్ని ఎవరికోసం, ఎట్లా సడలించాలో కూడా చూశారు. ఆ సడలింపు మీ చేతుల మీదుగానే జరిగింది. యూదుల ధర్మంలో ప్రాణం కాపాడడం దాదాపు అన్ని నియమాల కంటే పైన ఉంటుంది. దాన్ని వాళ్లు పికువాఖ్ నెఫెష్ అంటారు. ప్రాణానికి ముప్పు ఉన్న రోగి యోమ్ కిపూర్ నాడు తినవచ్చు అని ఊరుకోదు వాళ్ల శాస్త్రం, తినాలి అంటుంది. ఇంకో మాట కూడా ఉన్నది, నాకు డాక్టరుగా చాలా నచ్చిన మాట. రోగి "నాకు తిండి కావాలి" అంటే, పక్కన వైద్యులు అక్కర్లేదని చెప్పినా రోగి మాటే వినాలట. వాళ్ల ఒళ్లు వాళ్లకే తెలుస్తుంది కాబట్టి. అంగట్లో మీ ఒళ్లు మీకు ఎంత గట్టిగా చెప్పింది! మీరు ఇంట్లో కూడా చెప్పకుండా దాచారు.

ఆ చిన్న చిన్న గుక్కల పద్ధతి కూడా అందుకే వచ్చింది. ఒకేసారి గ్లాసు తాగితే ఉపవాసం తప్పినట్టు లెక్క. కొలత లోపల, మధ్యలో వ్యవధి ఇచ్చి తీసుకుంటే ఉపవాసపు గౌరవమూ నిలుస్తుంది, రోగి ప్రాణమూ నిలుస్తుంది. మొత్తం తాగితేనే గానీ ఆగని రోగికి మొత్తం ఇవ్వమనే అంటారు. సవ్తా కొడుకు వచ్చి కూర్చుని నచ్చజెప్పాడన్నారే, ఆయన తల్లికి చెప్పి ఉండేది ఇదే. ఆమెకు ఆ రోజు తాగడమే ధర్మం.

ఆ వీడియో మీకు సగం చెప్పింది. యూదులందరూ సోమవారం, గురువారం ఉపవాసం ఉండరు. ఆ రెండు రోజులకు వాళ్లలో ప్రత్యేకత ఉన్న మాట నిజం. ఆ పొద్దుల్లో ప్రార్థనా మందిరంలో తోరా, అంటే వాళ్ల పవిత్ర గ్రంథం, చదువుతారు. పాతకాలంలో బాగా నిష్ఠ ఉన్నవాళ్లు ఆ రోజుల్లో పస్తు ఉండేవారు. ఇప్పుడు సంవత్సరం మొత్తంలో అందరికీ వర్తించే ఉపవాసాలు ఆరు. వాటిలో 25 గంటలవి రెండే. ఒకటి మీరు చూసిన యోమ్ కిపూర్, రెండోది వాళ్ల ఆలయం కూలిన దుఃఖానికి గుర్తుగా ఎండాకాలంలో వచ్చే తిషా బ్అవ్. మిగతా నాలుగూ తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకానే. అంటే మీరు మూడు నెలల్లో సుమారు 25 సార్లు చేసిన పని, పుట్టుకతో యూదులైనవాళ్లు చెయ్యాలంటే పన్నెండేళ్లు పడుతుంది. పైగా శనివారం, వాళ్ల సబ్బాత్ నాడు, పస్తు ఉండకూడదు. యోమ్ కిపూర్ ఆ రోజు పడితే తప్ప. సబ్బాత్‌కు మూడు పూటలు తినడమే నియమం. యోమ్ కిపూర్ ముందు రోజు బాగా తినడం కూడా పుణ్యమే వాళ్లకు. వీటిలో ఏదీ నడుము చుట్టుకొలత కోసం పెట్టింది కాదు. యోమ్ కిపూర్ ఏడాదిలో చేసిన తప్పులు ఒప్పుకుని క్షమాపణ అడిగే రోజు.

పన్నెండో శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు పండితుడు ఉండేవాడు. ధర్మశాస్త్రం రాసినవాడు, ఈజిప్టులో రాజాస్థానంలో వైద్యుడు కూడా. ఎప్పుడు చూసినా పస్తులుండేవాళ్లది మంచి దారి కాదన్నాడు ఆయన. ఆకలైతేనే తినాలి, కడుపులో పావు వంతు ఖాళీ ఉండగానే లేవాలి అన్నాడు. అక్కడి నుంచి ఏదైనా తెచ్చుకోవాలని మీకుంటే, చెల్లెమ్మా, నేనైతే ఇది తెచ్చుకుంటాను.

ఇప్పుడు బరువు. మీ వయసుకు, ఒంటికి, ఇంటిపనికి రోజుకు సుమారు 1,800 కెలోరీలు ఖర్చవుతాయి. బుధవారం రాత్రి మీరు తింటున్నారు. గురువారం రాత్రీ తింటున్నారు. మధ్యలో పోయింది టిఫిన్, మధ్యాహ్నం అన్నం, చాయ్‌లు. అది సుమారు 1,100 అనుకోండి. రెండు రోజులకు 2,200. ఒంట్లో ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కెలోరీలు లోటు పడాలి. అంటే ఇంత కష్టపడితే వారానికి 300 గ్రాములు కూడా కరగలేదు. అదీ చుక్కలు పొడిచాక మామూలుగా తింటే. 25 గంటలు మాడిన మనిషి మామూలుగా తినదు. రెండో పళ్లెం అన్నం, నాలుగు సకినాలు, ఒక గిన్నె పాయసం చాలు, పొద్దంతా పోయినదాంట్లో సగం తిరిగి రావడానికి. నూనె ఒక పెద్ద చెంచాలోనే 120 కెలోరీలు ఉంటాయి. రాత్రి ఏం తింటున్నారో మీరు రాయలేదు. ఒక వారం పాటు రాసి చూసుకోండి, నాకు పంపనక్కర్లేదు.

మరి మొదట నాలుగు కిలోలు ఎట్లా పోయినయి? సగం దాకా నీళ్లే. కాలేయం, కండలు గ్లైకోజెన్ అనే రూపంలో పిండిపదార్థం దాచుకుంటాయి. దాంతో పాటు గ్రాముకు మూడు గ్రాముల నీళ్లు పట్టి ఉంచుకుంటాయి. తిండి తగ్గగానే ముందు ఖర్చయ్యేది అదే, నీళ్లూ దాంతోపాటే పోతాయి. కొంత కండ కూడా పోయి ఉంటుంది. ఏడేళ్లు మనుషులను మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టిన చేతులవి. 46 దాటాక ఆ కండ తిరిగి రావడం కష్టం. పోనివ్వకండి.

గంటలు చూసుకుని తినడంలో గొప్ప మహిమ ఉందా అని చాలాచోట్ల పరీక్షించారు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 139 మంది స్థూలకాయులను రెండు జట్లు చేసి ఏడాది చూశారు. రెండు జట్లకూ తిండి ఒకే లెక్కన తగ్గించారు. ఒక జట్టు మాత్రం పొద్దున 8 నుంచి సాయంత్రం 4 లోపలే తినాలి. ఏడాదికి ఆ జట్టు సగటున 8 కిలోలు తగ్గింది, గంటల నియమం లేని జట్టు 6.3 కిలోలు. ఆ తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చని లెక్కల్లో తేలింది. 2022లో అచ్చయిన ఫలితం ఇది. నా అర్థం ఇది: గంటల నియమం వల్ల మీరు తక్కువ తినగలిగితే అది పనిచేస్తుంది. నియమం అయిపోగానే ఎక్కువ తినేలా చేస్తే పనిచెయ్యదు. కొందరికి ఆ క్రమశిక్షణ సుఖంగా ఉంటుంది. మా క్లినిక్‌లో పనిచేసే ఒకామె రాత్రి ఏడు తర్వాత ఏమీ తినకూడదని ఒక్కటే పెట్టుకుని బాగుపడింది. అర్ధరాత్రి టీవీ ముందు మిక్చర్ ఆగిపోయిందంతే.

నీళ్లు తాగితే ఫలితం పోతుందా అన్నారు. పోదు. నీళ్లకు కెలోరీ లేదు. నీళ్లు మానడం వల్ల కొవ్వు ఒక్క గ్రాము ఎక్కువ కరగదు. కాటా మీద తక్కువ చూపిస్తే అది ఎండిపోయిన ఒళ్లు. మీ బీపీ మాత్రలో మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసి ఉంటే ఇంకా ప్రమాదం, డాక్టరును తప్పకుండా అడగండి. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీలు. ఆ ఎండలో నీళ్లు లేకుండా అంగడికి పోయే ఆలోచన నాకు ఊహిస్తేనే భయంగా ఉంది.

ఇప్పుడు ఏం చెయ్యాలి? డాక్టరును కలిసి మందు సరిచూసుకున్నాక, ఆయన ఒప్పుకుంటే, రాత్రి ఏడింటికి తినడం ముగించండి. మళ్లీ పొద్దున ఏడింటికి టిఫిన్, మాత్ర. పన్నెండు గంటల ఖాళీ, మధ్యలో నీళ్లు ఎన్నైనా. మీకు ఇంతకంటే పెద్ద పస్తు అవసరం లేదు. డాబా ఎక్కి చుక్కలు చూడడం ఇష్టమైతే రోజూ ఎక్కండి, తిన్నాక.

తిండిలో పప్పు పెంచండి. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూర. జొన్నరొట్టెలు రెండు, చేతినిండా పప్పు, పెరుగు. ఒక గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి, పావు లీటరు పాలల్లో 8. రోజుకు 60, 70 గ్రాములు మీకు కావాలి, కిడ్నీ పరీక్షల్లో తేడా ఏమీ లేకపోతేనే. అన్నం పూర్తిగా మానమని నేను చెప్పను. తెలంగాణలో పుట్టిన మనిషికి అన్నం మానమని చెప్తే ఎనిమిది రోజులు వింటుంది. కొలిచి పెట్టుకోండి. అన్నం తిన్న వెంటనే పది నిమిషాలు నడవండి, అది షుగర్‌కు చాలా మంచిది. వారానికి రెండుసార్లు నీళ్ల బిందె ఎత్తినట్టు ఏదో ఒక బరువు ఎత్తే పని పెట్టుకోండి. కాటా వారానికి ఒకసారి, పొద్దున, ఒకే రోజు. ఆరు నెలల్లో 81 నుంచి 77కి వచ్చినా మీ షుగర్, బీపీ రెండింటిలో తేడా కనిపిస్తుంది. నడుము చుట్టుకొలత కూడా టేపుతో చూసుకోండి. మన ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉంటే మంచిది.

అత్తమ్మ మాటకు వస్తాను. ఆమెకు కోపం వేరేవాళ్ల పద్ధతి అని. మీరు ఆమెకు నచ్చజెప్పడానికి ఇది చెప్పండి: సోమవారం, గురువారం ఉపవాసం ఒక్క యూదులదే కాదు. ముస్లింలు కూడా ఆ రెండు రోజులే ఐచ్ఛికంగా ఉపవాసం ఉంటారు. మన ఇళ్లల్లో సోమవారం శివుడికి, గురువారం బాబాకు, శనివారం వెంకన్నకు ఉంటారు. మంచి ఎక్కడ కనబడినా నేర్చుకోవచ్చు, అందులో తప్పేమీ లేదు. అయితే మన మాట కూడా ఒకసారి చూడండి, ఒక్కపొద్దు. ఒక్క పూట తినడమని అర్థం. అసలే తినవద్దని కాదు. తొలి ఏకాదశి నాడు మన తల్లులు పేలాల పిండి, బెల్లం కలిపి చేతిలో పెట్టేవారు. పస్తులో కూడా నోట్లోకి ఏదో ఒకటి పోనిచ్చే తెలివి ఆ ముసలమ్మలకు ఉండేది. అత్తమ్మ మీతో పోట్లాడుతున్నది కానీ, నాకు ఆమె పక్షమే సరిగ్గా కనిపిస్తోంది.

వాళ్లు యోమ్ కిపూర్ ముందు ఒకరికొకరు "త్సోమ్ కల్" అనుకుంటారు కదా. ఉపవాసం తేలిగ్గా గడవాలని. మీరు సవ్తాకు ఆ మాట చెప్పి, వెంటనే ఆ చిన్న కప్పు తీసి గీత దాకా పోసి ఉంటారు. ఆ కప్పు మీ దగ్గర ఉంటే, దాన్ని మీ కోసం తీయండి.

ప్రశ్న: మేడం, నేను హనుమకొండలో హాస్టల్లో ఉండి పోటీ పరీక్షలకు చదువుతున్నాను. వయసు 20. ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 52. రీల్స్‌లో చూసి రోజుకు ఒక్కసారే, రాత్రి 8కి మెస్‌లో తింటున్నాను. రెండు నెలల నుంచి నెలసరి రాలేదు. 45కి రావాలని ఉంది. ఇంకెన్ని రోజులు చెయ్యాలి?

– వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఒక్కరోజు కూడా వద్దు బిడ్డా. నీ ఎత్తుకు 52 సరైన బరువు. తగ్గాల్సింది ఒక్క గ్రాము కూడా లేదు. 45 అంటే నీ ఎత్తుకు తక్కువ బరువులోకి జారడమే. నెలసరి ఆగిందంటే, తిండి లేని కాలంలో బిడ్డను మోయడం కుదరదని నీ శరీరం తేల్చుకుని ఆ పని ఆపేసింది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ఎముకల బలం కూడా దాంతోపాటే తగ్గుతుంది. రేపు పొద్దున మెస్‌లో ఇడ్లీ అయినా ఉప్మా అయినా కడుపునిండా తిను. ఈ వారంలోనే ఆడ డాక్టరును కలువు, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకో. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ సర్వేలో తేలింది. రోజుకు ఒక్కపూట మెస్ భోజనంతో ఎవరి రక్తమూ పెరగదు. చదివింది తలకెక్కకపోవడం, సాయంత్రానికి తలనొప్పి ఉంటే అవి కూడా డాక్టరుకు చెప్పు. అద్దంలో చూసుకుంటే లావుగా కనిపిస్తున్నానన్న టెన్షన్ రోజంతా ఉంటే, దానికి కూడా సాయం చేసేవాళ్లున్నారు. అమ్మకు ఫోన్ చేసి చెప్పు. అమ్మకు చెప్పలేకపోతే నాకు ఇంకో ఉత్తరం రాయి, అచ్చు వెయ్యకుండా జవాబిస్తాను.

ప్రశ్న: నేను భూపాలపల్లి గనిలో పనిచేస్తాను. 34 ఏళ్లు, 92 కిలోలు, ఏ జబ్బూ లేదు. వారం వారం షిఫ్టు మారుతుంది. 16 గంటలు పస్తు, 8 గంటల్లో తినడం చెయ్యాలనుకుంటున్నా. నైట్ షిఫ్టు వారంలో గంటలు ఎట్లా పెట్టుకోవాలి?

– భూపాలపల్లి

జవాబు: తమ్ముడూ, ఏ జబ్బూ లేదంటున్నారు, మంచిది. కానీ ముందు ఒకసారి బీపీ, షుగర్ చూపించుకోండి. 92 కిలోల దగ్గర చాలామందికి ఉన్న సంగతే తెలియదు. గని లోపల వేడి, చెమట, బరువు పని. అక్కడ తల తిరిగితే మీ ఒక్కరికే కాదు, పక్కవాడికీ ప్రమాదం. కాబట్టి పస్తు గంటలు పని గంటల మీద పడకుండా చూసుకోండి. షిఫ్టుకు పోయేముందు కడుపునిండా అన్నం, పప్పు తినండి. లోపల నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ దగ్గర పెట్టుకోండి. తెల్లవారుజామున ఆకలైతే ఒక అరటిపండు, గుప్పెడు పల్లీలు. పొద్దున షిఫ్టు దిగాక దారిలో పూరీ, మిరపకాయ బజ్జీ ఆపేయండి. మీ వయసు షిఫ్టు కార్మికులు నా దగ్గరికి బరువు గురించి వస్తే, సగం మందిలో ఆ పొద్దటి ప్లేటే కనిపిస్తుంది. ఇంటికి వచ్చి రెండు ఇడ్లీలు తిని, కిటికీకి పరదా కట్టి, ఫోన్ వేరే గదిలో పెట్టి ఏడు గంటలు పడుకోండి.